పిల్లల చేతి చీపురు: కాయకమా, వెట్టియా?

జంగమదేవర భిక్షకు విచ్చేయనున్న ఉదయము. ఇంటి ఇల్లాలు తెల్లవాఱకమునుపే లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లినది. తొమ్మిదేండ్ల కూతురు ముగ్గు వేసి వచ్చి రాత్రి అంట్లు తోముచున్నది. పదునొకండేండ్ల కుమారుడు అరుగుమీద కూర్చుండి ఆటకు పిలుచువారికై ఎదురుచూచుచున్నాడు. నాలుగేండ్ల చిన్నవాడు మాత్రము తల్లి వెనువెంటనే తిరుగుచు చీపురునకై చేయి చాచినాడు. దానిని రెండు చేతులతో పట్టుకొని, కుప్పగా చేర్చిన చెత్తను మరల గదియంతయు చిమ్మినాడు. తల్లి విసిగి, “నువ్వు ఊడ్చినట్టే ఉంది, అవతలికి పో నాయనా” అని చీపురు లాగికొనినది. మూలనున్న నాయనమ్మ, “మగపిల్లాడికి చీపురేమిటే? చేతికివ్వకు” అని కోడలిని మందలించినది. వాడు కొంతసేపు ఏడ్చి ఊరకుండెను.

ఇట్టి ఉదయములు అనేక గృహములలో గడచుచునే యున్నవి. ఇందెవ్వరికిని దురుద్దేశము లేదు. అయినను ఆ కొద్ది నిమిషములలో ఆ యింటి ముగ్గురు పిల్లలును మూడు పాఠములు నేర్చికొనిరి. ఈ పని తన పుట్టుకతోనే వచ్చినదని ఆడపిల్ల నేర్చినది. ఈ పని తనది కాదని పెద్దవాడు నేర్చినాడు. సాయపడబోవుట తప్పని చిన్నవాడు నేర్చినాడు. ఆ చిన్నవానికే పండ్రెండేండ్లు వచ్చినపుడు, “తిన్న పళ్లెము కూడ తీయడు” అని ఆ తల్లియే వాపోవును. నాలుగవయేట అడిగినపుడు ఈయని చీపురును పండ్రెండవయేట అడుగక యిచ్చినచో వాడు పుచ్చుకొనునా?

పసివారిని ఇంటి శుభ్రతలో పాల్గొనజేయుట మంచిదా కాదా యనునది పైకి చిన్న ప్రశ్నగా తోచును. కాని వీరశైవ గృహమున ఇది చిన్నది కాదు. కాయకమును కైలాసముతో సమానముగా భావించిన శరణుల ధర్మము ఇంటి గడపలోపల నిలిచియున్నదా, లేక ప్రవచన వేదికకే పరిమితమైనదా యని పరీక్షించుటకు చీపురుకంటె సులభమైన సాధనము లేదు.

ఈ విషయమున రెండు ఆక్షేపణలు వినవచ్చును. రెండును త్రోసిపుచ్చదగినవి కావు. మొదటిది లాలనతో కూడినది: “బాల్యము ఆటకును చదువునకును గలది. పనిపాటలు జీవితమంతయు ఉండనే యున్నవి. పసివారి చేతికి ఇప్పుడే చీపురేల?” రెండవది న్యాయదృష్టి గలది: “కాయకమనగా ఎఱిగి, ఇష్టపడి చేయు పని. పిల్లవాడు తల్లిదండ్రుల మాటకు లోబడినవాడు. కాదనుటకు వానికి శక్తి లేదు. కాదనలేని వాని చేత చేయించు పనికి కాయకమని పేరు పెట్టుట వెట్టికి విభూతి పూయుట కాదా?” ఈ రెండవ ఆక్షేపణ మిక్కిలి పదునైనది. దీనికి సమాధానము చెప్పుకొనకుండ పిల్లల చేతికి చీపురిచ్చుట తగదు.

ముందుగా శరణుల మార్గమును స్మరింపవలెను. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో పాలకులును పండితులును మాత్రమే లేరు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. సత్యక్క యను శరణి శివభక్తుల ముంగిళ్లను ఊడ్చుటయే తన కాయకముగా స్వీకరించెను. త్రోవలో పడియున్న బంగారమునైనను వస్త్రమునైనను చేత తాకనని ఆమె తన వచనమున ప్రతిన పూనినది. ఈ రెండింటికిని సంబంధము కలదు. ఊడ్చువాని చేతికి ఇతరుల సొమ్ము ఎన్నియో మారులు తగులును. చీపురుతోపాటు నిజాయితీ కూడ పట్టువడినపుడే ఆ పని కాయకమగును. ఊడ్చుట హీనమని తలచువారు సత్యక్క నామము నుచ్చరించుటలో అర్థము లేదు.

మఱియొక సిద్ధాంతము కూడ ఇచట గుర్తుంచుకొనదగినది. జననము, మరణము, రజస్సు, జాతి, ఉచ్ఛిష్టము అను ఐదింటివలన కలుగునని లోకము తలచు సూతకములను వీరశైవము అంగీకరింపలేదు. ఇష్టలింగమును ధరించినవానికి ఈ మైలలు లేవు. ఇందు జాతిసూతకమును త్రోసివేయుట యనగా, ఒకరి మాలిన్యమును ఎత్తుటకే మఱియొకరు పుట్టిరను భావమును త్రోసివేయుట. ఉచ్ఛిష్టసూతకమును త్రోసివేయుట యనగా, ఎంగిలి పళ్లెమును తాకిన చేయి తక్కువైనదను భావమును త్రోసివేయుట. ప్రసాదమును మెతుకైనను విడువక భుజించి, పళ్లెమును కడిగి ఆ నీటిని కూడ త్రావు ఆచారమును పాటించిన పెద్దలు అనేక గృహములలో కలరు. అట్టి ఇంటి బాలుడు తన పళ్లెమును తానున్నచోటనే వదలి లేచిపోవుటయు, దానిని చెల్లెలు ఎత్తుటయు, దానిని మర్యాదగా భావించుటయు ఎంత వింత! తాతగారు పళ్లెములోని ప్రసాదమును గౌరవించిరి. మనుమడు పళ్లెమునే అగౌరవపఱచుచున్నాడు.

కావున చీపురు పట్టుట వలన బాలుని గౌరవము తగ్గునను భయము శరణధర్మమున నిలువదు. అయినను అంతమాత్రముననే రెండవ ఆక్షేపణ తీఱలేదు. పని పవిత్రమైనంతమాత్రమున దానిని ఇతరులచే బలవంతముగా చేయించుట పవిత్రము కాదు. సత్యక్క తనంతట తాను చీపురు చేపట్టినది. ఎవ్వరో ఆమె చేతికిచ్చి నిలువబెట్టలేదు.

ఈ భేదమును మఱచినచో కలుగు అన్యాయమునకు తార్కాణము కొఱకు దూరమేగ నక్కఱలేదు. తెలుగునాట ఎందఱో ఆడపిల్లలు ఇంటిపని పేరనే బడికి దూరమైరి. తల్లి కూలికేగగా తమ్ముని ఎత్తుకొని, ఇల్లూడ్చి, నీళ్లు మోసి, వంటచెఱకు తెచ్చిన పిల్లకు లోకము “బుద్ధిమంతురాలు” అని పేరు పెట్టినది కాని, శ్రామికురాలని పేరు పెట్టలేదు. శాంతా సిన్హా గారును, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారును రంగారెడ్డి జిల్లా గ్రామములలో పనిచేయుచు, బడికి పోని ప్రతి బిడ్డయు బాలశ్రామికుడే యను సూత్రమును నిలిపిరి. కూలి వచ్చు పనియే శ్రమ కాదనియు, ఇంటిలోని చాకిరి కూడ బాల్యమును హరింపగలదనియు ఆ సూత్రము తేటపఱచినది. ఆ కృషికి 2003లో శాంతా సిన్హా గారికి రామన్ మెగసెసే పురస్కారము లభించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసినది. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించినపుడు, పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోను నియమింపరాదని నిషేధించి, బడి వేళలు ముగిసిన పిదప గాని సెలవులలో గాని తమ కుటుంబమునకు సాయపడుటను మాత్రము అనుమతించిరి. చట్టము ఒక గీత గీసినది. కాని గడపలోపల ఆ గీత ఎచట పడవలెనో నిర్ణయించునది తల్లిదండ్రుల మనస్సాక్షియే.

ఆ గీత ఎచట వంకరపోవుచున్నదో తెలిపెడు లెక్కయొకటి కలదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయము వారు దేశమంతట ఆఱేండ్లును అంతకు పైబడియును గలవారి దినచర్యను సర్వే చేసిరి. వేతనములేని ఇంటిపనులలో స్త్రీలలో నూటికి 81 మంది పాల్గొనుచుండగా, పురుషులలో 26 మంది మాత్రమే పాల్గొనుచున్నట్లు తేలినది. పాల్గొన్నవారిలోనైనను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనులకు వినియోగించిరి. లింగధారణమున స్త్రీపురుషులకు సమానాధికారమిచ్చిన ధర్మమును పాటించువారు ఈ అంకెలను చూచి తమ తమ ఇండ్ల లెక్కను కూడ వేసికొనవలెను. “ఇంటిని చూచి ఇల్లాలిని చూడుము” అను సామెత యింటి భారమునంతయు ఒక్కరి నెత్తిన మోపినది. ఇంటిని చూచి ఇంటిల్లిపాదిని చూడుమనుట ధర్మము.

ఇక లాలనతో కూడిన మొదటి ఆక్షేపణను చూతము. పసివానికి పని భారమనునది పెద్దల ఊహ. పనికిని ఆటకును మధ్య గోడ కట్టినది పెద్దలే. మూడు నాలుగేండ్ల బిడ్డ చేట పట్టి చెఱుగబోవును. తడిగుడ్డతో నేల తుడువబోవును. పెద్దలు చేయు పనియే వానికి అన్నిటికంటె గొప్ప ఆట. 1907లో రోమునగరపు పేదల వాడలో పసివారి కొఱకు ఒక గృహమును తెఱచిన మరియా మాంటిస్సోరి ఈ సత్యమును గుర్తించినది. ఊడ్చుట, దుమ్ము తుడుచుట, చేతులు కడుగుకొనుట మొదలగు పనులను ఆమె విద్యాభ్యాసములో భాగముగా చేసినది. పసివారి చేతులకు తగిన చిన్న పరికరములను సమకూర్చినది. 1939లో ఆమె మద్రాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చుటచే ఆ పద్ధతి ఈ దేశమున వ్యాపించినది. అంతకు పూర్వమే 1910లో గాంధీజీ దక్షిణాఫ్రికాలో నెలకొల్పిన టాల్‌స్టాయ్ క్షేత్రమున సేవకులు లేకుండ, పాకీపనితో సహా సమస్తమును ఆశ్రమవాసులే చేసికొనిరి. పిల్లలు ఆ పనికి దూరముగా లేరు. పెద్దలు కూడ దూరముగా లేరు. ముఖ్యమైన విషయమిదియే. పిల్లలు చేసినది పెద్దలును చేసిరి.

వెట్టికిని కాయకమునకును గల భేదము ఇచటనే తెలియవచ్చును. వెట్టి చేయించువాడు తాను చేయడు. తాను తాకనిదానిని ఇతరునిచే తాకించును. కాయకమున అట్లు కాదు. తండ్రి తన పళ్లెమును తాను కడిగికొని, “నీది నీవు కడుగుకొనుము” అని కొడుకునకు చెప్పినపుడు అది ఆజ్ఞవలె వినబడినను ఆజ్ఞ కాదు. తన పంక్తిలోనికి ఆహ్వానించుట. తండ్రి మంచముమీద పండుకొని అదే మాట చెప్పినచో అది ఆజ్ఞయే. పంచాచారములలో నొకటియైన భృత్యాచారము, తాను శివభక్తులకు భృత్యుడనను వినయమును బోధించును. ఆ వినయమును పిల్లలకు నేర్పుటకు ముందు పెద్దలు దానిని పాటింపవలెను. భృత్యాచారము పెద్దలకు ఉపన్యాసముగాను, పిల్లలకు ఊడిగముగాను పంచిపెట్టబడరాదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున గొడగూచి యను ముద్దరాలి కథ కలదు. తండ్రి ఊరికేగుచు, శివునకు పాలు నివేదించు పనిని ఆ చిన్నపిల్లకు అప్పగించినాడు. నివేదన యనగా దేవుని ముందుంచి తిరిగి తెచ్చుటయని ఆమె యెఱుగదు. తీసికొనిపోయిన పాలను శివుడు త్రావవలెననియే నమ్మినది. త్రావకున్న ఏడ్చినది, శివుడు త్రావక తప్పలేదు. తండ్రి వచ్చి, పాలేమైనవని అడిగి, ఆమె మాటను నమ్మలేదు. తుదకు ఆ బాల శివునిలో ఐక్యమైనది. ఈ కథను ముగ్ధభక్తికి నిదర్శనముగా పెద్దలు చెప్పుచుందురు. ఇందు తల్లిదండ్రులకు కూడ ఒక హెచ్చరిక యున్నది. పనిని అప్పగించినది తండ్రి. దానిని సంపూర్ణ విశ్వాసముతో నెఱవేర్చినది బిడ్డ. నమ్మలేకపోయినది తండ్రియే. పసివారు తమకిచ్చిన పనిని పెద్దలు ఊహించినదానికంటె ఎక్కువ నిజముగా స్వీకరింతురు. పెద్దలు దానిని ఉత్తుత్తి పనిగా చూతురు. బిడ్డ ఊడ్చి ముగించి కన్నులు మెఱయ నిలిచియుండగా, వాని యెదుటనే తల్లి మరల ఆ గదిని ఊడ్చినచో, వాని పాలను శివుడు త్రావలేదని చెప్పినట్లే యగును.

అట్లని దుమ్మును వదలివేయుమని కాదు. మూల మిగిలిన చెత్తను చూపి, “ఇదిగో, ఇచట నీ చీపురు అందలేదు” అని చెప్పి, చేయి పట్టి ఊడ్పించుట వేఱు. వానిని ప్రక్కకు నెట్టి తాను ఊడ్చుట వేఱు. మొదటిదానికి పది నిమిషములు ఎక్కువ పట్టును. ఇంటి పని, వంట పని, పొలము పనియో ఉద్యోగమో కూడ ఉన్న తల్లికి ఆ పది నిమిషములు సులభముగా దొరకవు. ఈ కష్టమును గుర్తింపక తల్లులకు నీతులు చెప్పుట న్యాయము కాదు. ఆ పది నిమిషములను తండ్రి ఈయవలెను. పిల్లవానికి ఊడ్చుట నేర్పుట తల్లి పనియే యని ఎచటను వ్రాసి లేదు. తండ్రి చేతిలో చీపురును చూచిన కుమారునకు, మగవానికి చీపురేలయను ప్రశ్న పుట్టనే పుట్టదు.

రెండు దురభ్యాసములను మాత్రము తప్పక విడువవలెను. మొదటిది ఊడ్చుటను శిక్షగా విధించుట. పాఠము చెప్పలేదని బడిలోను, అల్లరి చేసినాడని ఇంటిలోను చీపురు చేతికిచ్చుట చిరకాలముగా ఉన్నది. దీనివలన బాలుడు నేర్చునదేమి? ఊడ్చుట తప్పు చేసినవాని పని యని. అట్లయిన జీవితమంతయు వీధులూడ్చువారు ఏ తప్పు చేసిరి? ఉదయమున వాడకు వచ్చు పారిశుధ్య కార్మికురాలిని ఆ బాలుడు ఏ దృష్టితో చూచును? ఒక్క శిక్షతో సత్యక్క కాయకము అపరాధముగా మాఱిపోవుచున్నది. బాలుడు నిజముగా మలినపఱచినదానిని వానిచే శుభ్రము చేయించుట శిక్ష కాదు; అది బాధ్యత. నేలపై ఒలికించిన పాలను తుడువుమనుట న్యాయము. లెక్క తప్పినందుకు తరగతి ఊడ్వుమనుట న్యాయము కాదు.

రెండవది కూలి యిచ్చుట. గది ఊడ్చిన ఐదు రూపాయలు, పళ్లెము కడిగిన రెండు రూపాయలు అని ధర కట్టువారు కలరు. కాయకము వలన జీవనము గడుచుట శరణులకు సమ్మతమే. కాని తన ఇంటి మాలిన్యములో తన పాలు కూడ ఉన్నదని గ్రహించుట మొదట రావలెను. కూలికి అలవాటుపడిన బిడ్డ, డబ్బు అక్కఱలేనినాడు పని కూడ అక్కఱలేదనును. వాడు చెప్పినది తప్పని వాదించుటకు పెద్దలకు తావుండదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏఱి తెచ్చినపుడు, భార్య లక్కమ్మ ఆ యెక్కువను తిరిగి అచటనే పోసి రమ్మనినది. ఎంత వచ్చుననుటకంటె ఎంత తగునని చూచుటను ఆ యిల్లాలు భర్తకు నేర్పినది. ఇంటిపనిలో బిడ్డకు దక్కవలసిన ప్రతిఫలము, “ఈ ఇల్లు నీవలన కూడ నిలిచియున్నది” అను మాటయే. అది దాసోహమునకు తొలిమెట్టు.

ఇక ఎంత పని, ఎట్టి పని యను విచారము. మూడు నాలుగేండ్ల వారు తమ ఆటవస్తువులను సర్దుదురు; పొడిగుడ్డతో పీటను తుడుతురు. ఐదాఱేండ్ల వారు తమ బట్టలను మడతురు; పూజకు పూలను పత్రిని ఏఱి పళ్లెరమున ఉంతురు. ఎనిమిదేండ్ల వారు ఒక గదిని ఊడ్వగలరు. తమ పళ్లెమును తాము కడుగగలరు. పదేండ్లు దాటినవారు తమ లోబట్టలను తాము ఉతికికొనగలరు. చీపురును వారి ఎత్తునకు తగినట్లు కత్తిరించి యిచ్చిన చాలు. ఫినాయిలు, బ్లీచింగు పొడి, ఆమ్లము వంటివి ఏ వయస్సు బిడ్డ చేతికిని ఈయరాదు; అందని ఎత్తున దాచవలెను. మరుగుచున్న నీళ్లను మోయింపరాదు. పరీక్ష నాడును, జ్వరము నాడును వాని పనిని పెద్దలు చేయవలెను. పెద్దలు అలసిననాడు వాడు చేయును. ఇచ్చి పుచ్చుకొనుట అట్లు తెలియును. బాలునకును బాలికకును పని ఒకటే కావలెను. ఒక వారము అన్న పళ్లెములు తోమి చెల్లెలు ఊడ్చిన, మఱు వారము మార్చుకొనవలెను.

ఇంటిలో పనిమనిషి యున్నచో పరీక్ష మఱింత కఠినమగును. ఆమె యుండగా పిల్లలకు పని యెందుకని అనిపించుట సహజము. కాని పని తప్పినంతమాత్రమున ధర్మము తప్పదు. తాను విప్పిన బట్టను ఆమె వంగి ఎత్తునట్లు నేలపై విసరు బిడ్డ, ఒక మనిషి వెన్నును తన సుఖమునకు మెట్టుగా చేసికొనుటను నేర్చుచున్నాడు. ఆమె వెంట పసిబిడ్డ కూడ వచ్చి అంట్లు తోముచున్నచో ఆ యింటివారు నిద్రపోరాదు. తమ బిడ్డకు బాల్యము పేరిట తప్పించిన పనిని మఱియొకరి బిడ్డచే చేయించుటకు ఏ విభూతియు చాలదు.

మఠముల ఆశ్రయమున చదువుకొను విద్యార్థుల విషయమున కూడ ఇదియే కొలత. అన్నమును అక్షరమును ఆశ్రయమును ఉచితముగా నొసగు పుణ్యస్థలములలో పిల్లలు ఆవరణమును ఊడ్చుట శోభయే. కాని ఉచితముగా తినుచున్నారు గనుక ఊడ్వవలెనను మాట ఒక్కమారు వినబడినచో దాసోహము బేరమగును. ఉపాధ్యాయులును, వీలైన స్వాములును వారితోపాటు చీపురు పట్టిననాడు ఆ సందేహమునకు తావుండదు. చదువు వేళను చీపురు హరింపరాదు. చీపురును పేదవాని కొడుకునకే కేటాయింపరాదు.

“మొక్కై వంగనిది మానై వంగునా” యని పెద్దలందురు. ఈ సామెతను వంచుటకే ఉపయోగించుట వాడుక. కాని పసిమొక్క దానంతట అదియే వెలుగువైపు వంగియుండును. నాలుగేండ్ల బిడ్డ చీపురువైపు చాచిన చేయి అట్టిదే. దానిని వంచనక్కఱలేదు, విఱువకున్న చాలును.

జంగమదేవర మరల వచ్చు ఉదయమున ఆ యింటి తండ్రి వాకిలి ఊడ్చుగాక. పెద్దకొడుకు అంట్లు తోముగాక. కూతురు పుస్తకము చేతబట్టి అరుగుమీద కూర్చుండుగాక. నాలుగేండ్లవాడు కత్తిరించిన చిన్న చీపురుతో ఒక మూలను ఊడ్చి, మఱియొక మూలను చెడగొట్టుగాక. నాయనమ్మ చూచి ఏమియు అనకుండునుగాక. లోపల అడుగిడిన జంగమునకు ఇల్లు కొంచెము మాసినట్లు కనబడినను, ఆ గృహము శుభ్రమైనదే.

శరణు శరణార్థి.